చెవికి పళ్లుంటాయా

ఆ రోజు ఉదయం టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పిల్లల్ని చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టాలి. మధ్యలో ఒక డబ్బాడు పాత తాళంచెవులు పోయాలి. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెట్టించాలి. తర్వాత అవే కలిపేసి ఇనుపవి వేరు, ఇత్తడివి వేరు చేయించాలి. పదకొండింటికి అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ వచ్చి గుమ్మంలో నిలబడేసరికి పదహారుమంది పిల్లలూ ఏ గుంపులో ఎక్కువున్నాయో, ఏ గుంపులో తక్కువున్నాయో చెబుతూ ఉండాలి. ఆయన చూసి, తల ఊపి, వెళ్లిపోవాలి. అంతే.

ఆ తల ఊపడం మీదే అంతా ఆధారపడి ఉంది. నర్సరీ అంటే ఆ భవనం కింది అంతస్తులో ఒకే ఒక్క గది. గది సంఘానిది. ఏడాదికోసారి సంఘం సరేనంటేనే బడి సాగుతుంది. ఈ ఏడు ఆ గదిలో టేబుల్ టెన్నిస్ బల్ల వేసుకుంటే బాగుంటుందని పై అంతస్తుల కుర్రకారు అర్జీ పెట్టింది. సాయంత్రం సమావేశం. సెక్రటరీ ఏ మాటా బయటపెట్టలేదు గానీ, ఆయన మనసులో ఏముందో టీచర్‌కు కొంచెం తెలుసు. ముప్పై ఏళ్లు రైళ్ల టైంటేబుళ్లు తయారుచేసి రిటైరైన మనిషి. ఆయన మనవరాలు ఏడు నెలలుగా ఈ బడికే వస్తోంది, ఇంతవరకూ నూరు దాకా అంకెలు అప్పజెప్పలేదు. బడిలో లెక్కలు చెప్పారా అని రోజూ అడుగుతారట. చెప్పారు, గుండీలు వేరు చేశాం అంటుందట ఆ పిల్ల. గుండీలు సరే, లెక్కలెప్పుడు అంటే, అవే లెక్కలు తాతయ్యా అంటుందట.

ఆ పిల్ల చెప్పింది నిజమే. మూడు అనే మాట నోటికి రావడం వేరు, మూడు అంటే ఏమిటో చేతికి తెలియడం వేరు అని టీచర్ నమ్మకం. ఏది దేనిలాంటిదో, ఏది కాదో తెలిసిన పిల్లకు కూడికలు వాటంతటవే వస్తాయని ఆమె తల్లిదండ్రులందరికీ ఓపిగ్గా చెప్పేది. అందుకే ఆ గదిలో గుండీలు, సీసా మూతలు, మేజోళ్లు, ఎండుటాకులు అన్నీ గుంపులు కట్టాయి. ఆ గదికి ఒకే ఒక్క పద్ధతి ఉంది. గుంపు చేసినవాళ్లు ఎందుకలా చేశారో చెప్పేదాకా ఎవరూ దాన్ని చెరపకూడదు. టీచర్‌తో సహా.

తొమ్మిదింటికి ఆయమ్మను వాచ్‌మన్ దగ్గరకు పంపింది. పనికిరాని తాళంచెవులు ఒక డబ్బాడు ఉన్నాయని, పట్టుకెళ్లొచ్చని అతను ముందురోజే మాటిచ్చాడు. ఆయమ్మ వెళ్లేసరికి వాచ్‌మన్ గదిలో లేడు. డాబా మీద నీళ్ల ట్యాంకులో దిగి తోముతున్నాడు. ఫోన్ చేస్తే బావిలోంచి మాట్లాడినట్టు పలికాడు. "కిందున్న డబ్బా తీసుకెళ్లమ్మా" అన్నాడు.

అతని గది అరలో ఒకే కొలతవి రెండు రేకు డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అతను అన్నది వాటిలో అడుగు డబ్బా సంగతి. ఆయమ్మ ఇంకోలా అర్థం చేసుకుంది. మనిషి డాబా మీద ఉన్నాడు, కాబట్టి కిందున్న డబ్బా అంటే ఇక్కడున్న డబ్బాయే కదా అనుకుంది. చేతికందింది పైది. తీసుకుని వచ్చేసింది.

ఆయమ్మకు లోకంలో ఒకే ఒక్క నమ్మకం. జబ్బులన్నీ కడగకపోవడం వల్లే వస్తాయి. బడిలోకి వచ్చే ప్రతి వస్తువూ ముందు ఆమె బకెట్లో మునిగి తేలాల్సిందే. ఒకసారి సుద్దముక్కలు కూడా కడిగింది. ఇప్పుడు డబ్బా మూత తీసి చూస్తే ప్రతి తాళంచెవికీ దారంతో ఒక చీటీ కట్టి ఉంది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకు ఈ కాగితాలేమిటని కత్తెర తీసుకుని ముప్పై ఆరు దారాలూ కత్తిరించింది. చీటీలు చెత్తబుట్టలో వేసింది. బుట్టను చెత్తబండి వచ్చినప్పుడు బయట పెట్టింది. తాళంచెవుల్ని రెండుసార్లు సబ్బునీళ్లలో కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, పళ్లెంలో పోసి, పదింటికల్లా తెచ్చి టీచర్ ముందు పెట్టింది. తళతళలాడుతున్నాయి.

టీచర్ రెండు తీసి చూసింది. అవన్నీ ఒకటే కొలత. ఒకటే ఇత్తడి రంగు. ఒకటే గుండ్రటి తల. పెద్దవీ చిన్నవీ వేరు చేయమంటే, ముందువరసలో కూర్చున్న బొద్దు పిల్లాడు ముప్పై ఆరింటినీ ఒక్క కుప్పగా పోసి, అయిపోయింది టీచర్, నీళ్లు తాగొచ్చా అని అడిగాడు. టీచర్ ఆయమ్మను పక్కకు పిలిచింది.

"ఆయమ్మా, ఇవి పాత తాళంచెవులేనా?"

"నా చేతిలో పడ్డాక పాతవి పాతవిలా ఎలా ఉంటాయి టీచరమ్మా" అంది ఆయమ్మ.

అది కాదనలేని మాట. టీచర్ గడియారం వైపు చూసుకుంది. గుండీల డబ్బా తీద్దామా అనుకుంది. ఈలోగా సెక్రటరీ మనవరాలు చాప మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, తాళంచెవుల్ని కంటి ఎత్తులోంచి చూడటం మొదలుపెట్టింది. ఆ పిల్లకు ఆయమ్మ పెట్టిన పేరు ఎందుకమ్మ. చెప్పిన ప్రతి మాటకీ ఎందుకు అని అడుగుతుందని.

"టీచర్, వీటిని తాళంచెవులంటారు కదా. చెవికి పళ్లుంటాయా?"

"ఉండవమ్మా" అంది టీచర్ పరధ్యానంగా.

"మరి వీటికున్నాయిగా."

టీచర్ కూడా చాప మీద చతికిలపడింది. పిల్ల రెండు తాళంచెవుల్ని వీపూ వీపూ ఆనించి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. ఒకదానికి పళ్లు కోసుగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. రెండోదానికి మధ్యలో పెద్ద సందు ఉంది. ఇవి వేరు అంది పిల్ల. ఇంకోటి తీసింది. ఇవి ఒకటే అంది. ఆ తర్వాత ఆ గదిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. పదహారుమందీ తలలు దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, తాళంచెవుల పళ్లు పరీక్షించారు. కోసు పళ్లవి మొసలి గుంపు అయ్యాయి. మధ్యలో సందున్నవి తాత గుంపు. వరసగా దిగేవి మెట్ల గుంపు. ఎగుడుదిగుడువి రంపం గుంపు. నున్నగా, చిన్న చిన్న గుబ్బల్లా ఉన్నవి పాలపళ్ల గుంపు. బొద్దు పిల్లాడు నీళ్ల సంగతే మరిచిపోయాడు. ఏడు నెలల్లో ఇంత మంచి పాఠం జరగలేదని టీచర్‌కు అనిపించింది. సెక్రటరీ ఇప్పుడే వస్తే బాగుండును అని కూడా అనుకుంది.

ఆ సమయానికి మూడో అంతస్తులో ఉండే లెక్చరర్ గడ్డం గీసుకుంటూ, సగంలో పేపరు గుర్తొచ్చి బయటికి వచ్చాడు. వెనక తలుపు మూసుకుంది. పోయినేడాది అన్ని ఇళ్లకూ వేయించిన కొత్త తాళాలు, తలుపు మూస్తే వాటంతటవే పడిపోయే రకం. ఆయన భార్య అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయింది. ఒక చెంపకు నురగ, ఒక చేతిలో రేజరు. లుంగీ ఒక్కటే ఒంటిమీద. పదకొండున్నరకు కాలేజీలో పాఠం. డూప్లికేటు తాళంచెవి ఇప్పించమని మెట్ల మీదనుంచే వాచ్‌మన్‌ను కేకేశాడు.

వాచ్‌మన్ నీళ్లోడుతూ ట్యాంకులోంచి దిగివచ్చి తన గదిలో చూశాడు. అరలో ఒకే డబ్బా ఉంది. మూత తీస్తే తుప్పుపట్టిన పాతవి. ఆయమ్మను తీసుకెళ్లమన్న డబ్బా ఇక్కడే ఉంది గనుక ఆయమ్మ ఇంకా రానే లేదన్నమాట. రెండో డబ్బా లేదు గనుక దాన్ని దొంగ ఎత్తుకెళ్లాడన్నమాట. ముప్పై ఆరు ఇళ్ల తాళంచెవులు, ఒక్కోదానికి ఇంటి నంబరు రాసిన చీటీతో సహా పోయాయి. ఆ చీటీలను సెక్రటరీ స్వయంగా ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి కట్టారు.

సెక్రటరీ కంగారు పడే మనిషి కాదు. భవనంలోవాళ్లందరి వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క సందేశం పెట్టారు: డూప్లికేటు తాళంచెవుల డబ్బా కనబడుటలేదు, అందరూ జాగ్రత్తగా ఉండగలరు. అది చదివినవాళ్లు ఉన్నపళంగా ఆఫీసుల్లోంచి బయల్దేరారు. రెండో అంతస్తు ఆవిడ ఎవరి ఇంట్లో ఏం పోయిందో రాయమంది. నాలుగో అంతస్తు వాళ్లబ్బాయి మెట్ల సందులోంచి తొంగిచూసి, లెక్చరర్ గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు, చెంపకు పెద్ద తెల్ల కట్టు ఉంది అని రాశాడు. ఆ కట్టు నురగ అని అంత పైనుంచి తెలియదు. చేతిలో కత్తి కూడా ఉంది అని ఇంకొకరు కలిపారు. దొంగతో ఒంటిచేత్తో పోరాడారట అని ఐదో అంతస్తు అనుకుంది. ఒకాయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఇంకొకాయన పోలీసులకు చేశాడు. ఇద్దరూ ఒకేసారి చేసినందువల్ల రెండు బళ్లూ ఒకేసారి వచ్చాయి.

అంబులెన్సువాళ్లు స్ట్రెచరు పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కారు. తనకేమీ కాలేదని లెక్చరర్ ఎంత చెప్పినా ముందు పడుకోమన్నారు. నురగ తుడిచి చూశాక గాని నమ్మలేదు. వచ్చాం గనుక ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చూసి వెళ్లాలనుకున్నారో ఏమో, సెక్రటరీని కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూశారు. ఎక్కువే ఉంది. కానిస్టేబులు మాత్రం నింపాదిగా పుస్తకం తెరిచి, ఇళ్లలో ఏమేం పోయాయని అడిగాడు. ఇంకా ఏమీ పోలేదన్నారు. దొంగను ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదన్నారు. అతను కాసేపు పెన్ను మూత పెట్టి, తీసి, కింద అంతస్తులో ఎవరైనా ఉంటారా, కొత్తవాళ్లు తిరగడం చూసి ఉంటారేమో అడుగుదాం అన్నాడు.

అలా సరిగ్గా పదకొండింటికి నర్సరీ గుమ్మంలోకి సెక్రటరీ వచ్చారు. ఆయన వెనక కానిస్టేబులు, వాచ్‌మన్, ఒక చెంప నున్నగా ఒక చెంప మాసి ఉన్న లెక్చరర్, ఆ వెనక ఓ పాతికమంది. టీచర్ అది చూసి, సంఘం మొత్తం పాఠం చూడటానికే వచ్చిందనుకుంది. పోలీసాయన కూడా ఎవరి నాన్నో అయ్యుంటాడనుకుంది. గొంతు సవరించుకుని, అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకున్న మాటలు మొదలుపెట్టింది.

"రండి, రండి. ఈ రోజు పిల్లలు చాలా బాగా చేస్తున్నారు. ముప్పై ఆరు తాళంచెవులు తీసుకుని, వాటి పళ్లను బట్టి ఏది దేనిలాంటిదో కనిపెట్టారు."

కానిస్టేబులు పదహారుమంది పిల్లల వైపూ చూశాడు. పుస్తకంలో ఏదో రాయబోయి ఆగాడు.

"అవే సార్" అన్నాడు వాచ్‌మన్ నీరసంగా.

తర్వాత ఐదు నిమిషాల్లో జరిగిందంతా బయటపడింది. డబ్బా ఎలా మారిందో తేలింది. చీటీలేవని సెక్రటరీ అడిగితే, ఆ మురికి కాగితాలా, ఎప్పుడో పారేశానండీ అంది ఆయమ్మ, మెచ్చుకుంటారనుకుని. టీచర్ ఎన్నిసార్లు క్షమించమని అడిగిందో ఆమెకే తెలియదు. సెక్రటరీ కోపంగా మాట్లాడి ఉంటే కొంచెం నయంగా ఉండేది. ఆయన మాత్రం రైలు గంట ఆలస్యమని చెప్పినంత నెమ్మదిగా, నెలాఖరుకు గది ఖాళీ చేయాలమ్మా అన్నారు. వెనకాల నిలబడ్డ కుర్రాళ్లలో ఒకడు అప్పుడే ఈ గోడ నుంచి ఆ గోడకు అడుగులతో కొలవడం మొదలుపెట్టాడు.

టీచర్, ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గర ఉంది కదా, దాని జత ఇందులో వెతుక్కుంటే సరిపోతుంది, మళ్లీ చీటీలు తను రాస్తానంది. అంతకంటే దారి లేదు. సెక్రటరీ వంగి, ఐదు గుంపుల్నీ ఒక్కటి చేసి పళ్లెంలోకి ఎత్తబోయారు. ఎందుకమ్మ రెండు చేతులూ చాచి మొసలి గుంపు మీద పడుకుంది.

"తాతయ్యా, చెరపకూడదు."

ఆయన లేవమన్నారు. పిల్ల లేవలేదు. ఇంత చేశాక ఇంకా ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాం అని టీచర్‌తో ఒక మనసు అంటోంది. ఆ పిల్ల మాత్రం ఆమె వైపే చూస్తోంది.

"సెక్రటరీ గారూ, ఒక్క నిమిషం" అంది టీచర్. "గుంపు చేసినవాళ్లు ఎందుకు చేశారో చెప్పేదాకా దాన్ని చెరపకూడదని ఈ గదిలో పద్ధతి. నెలాఖరుదాకా గది మాదే కదండీ. పాపను చెప్పనివ్వండి."

సెక్రటరీ పద్ధతి అన్న మాటకు అడ్డు చెప్పలేరు. జీవితమంతా పద్ధతులతోనే గడిపారు. నడుం పట్టుకుని పిల్లల కుర్చీలో కూర్చున్నారు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఎందుకమ్మ లేచి కూర్చుని, ఇవి మొసళ్లు, ఇవి తాతలు, ఇవి మెట్లు అంటూ వేలు పెట్టి చూపించింది. ఒక గుంపులోవన్నీ అచ్చం ఒకటే అని, వేరేవైతే వేరే చోట పెట్టేవాళ్లం కదా అని వివరించింది.

కానిస్టేబులు గొంతుక్కూర్చుని, రెండు మొసళ్లను తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూశాడు. "ముప్పై ఆరు ఇళ్లు కదండీ. ముప్పై ఆరు రకాలుండాలి. ఇక్కడ అయిదే ఉన్నాయి."

"పైకి అలా కనిపిస్తాయి" అన్నారు సెక్రటరీ. "తేడా చాలా సూక్ష్మంగా ఉంటుంది. నేను నాలుగు దుకాణాలు తిరిగి ఎంచిన తాళాలవి. పిల్లల కంటికి ఆనవు."

ఈలోగా చాప అవతల గొడవ మొదలైంది. మొదటి అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, నాలుగో అంతస్తు కళ్లడాక్టరు ఒకే తాళంచెవిని రెండు పక్కలా పట్టుకుని ఉన్నారు. ఇది నాదానికి సరిపోయింది అని ఆవిడ, నాదానికే సరిపోయింది అని ఆయన. కళ్లడాక్టరు అయితే, చూపు గురించి మీరు నాకు చెబుతారా అనేదాకా వెళ్లాడు. ఎందుకమ్మ వాళ్లిద్దర్నీ జాలిగా చూసి, అదే గుంపులోంచి ఇంకోటి తీసి ఇచ్చింది. ఇదీ అదే ఆంటీ, కొట్టుకోకండి అంది. ఆవిడ తన తాళంచెవికి ఆనించి చూసుకుంది. అదీ సరిపోయింది. మూడోది తీసి చూసింది. అదీ అంతే.

"తాతయ్యా, నీది ఇటివ్వు" అంది పిల్ల.

సెక్రటరీ చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, మొసలి అని తేల్చింది. వేలు పెట్టి గుంపులో ఒక్కొక్కటే లెక్కపెట్టి, తొమ్మిది ఉన్నాయి, నీది పెడితే పది అని దాన్నీ పక్కన పెట్టింది. పిల్ల కూడిక చేసిందని ఆ గదిలో టీచర్ ఒక్కతే గమనించింది. మిగతావాళ్లందరూ సెక్రటరీ మొహం చూస్తున్నారు.

లెక్చరర్ తన సగం గడ్డం తడుముకుంటూ, ఏదైతే అదైంది, ఒకసారి ఆ తాళంచెవి నా తలుపుకు పెట్టి చూడండి, పాఠానికి వేళవుతోంది అన్నాడు. అందరూ మెట్లెక్కారు. పిల్లలు కూడా వరసగా చేతులు పట్టుకుని ఎక్కారు, ఎందుకంటే ఆ పాఠం ఇంకా వాళ్లదే. సెక్రటరీ సొంత తాళంచెవిని లెక్చరర్ తలుపులో పెట్టి తిప్పారు. అది వెన్నలా తిరిగింది. లెక్చరర్ అందరికీ దండం పెట్టి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. కానిస్టేబులు ఇంకో తలుపు చూద్దామన్నాడు. రెండో అంతస్తులో రెండు ఇళ్లు తెరుచుకున్నాయి. నాలుగో అంతస్తులో కళ్లడాక్టరు తన తలుపుకు అడ్డంగా నిలబడి, నాది వేరే గుంపు అని ప్రాధేయపడ్డాడు. పాపం, నిజంగానే ఆయనది మెట్ల గుంపు, కుట్టే ఆవిడతో కలిపి. ఐదో తలుపు దగ్గర సెక్రటరీ తాళంచెవి వెనక్కు తీసుకుని, చాలన్నారు.

దొంగతనం జరగలేదని కానిస్టేబులు రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ఇన్నాళ్లూ జరగకపోవడమే విచిత్రం అన్నాడు. ఈ తాళాలు ఎంపిక చేసిందెవరని ఊరికే అడిగాడు. సెక్రటరీ లిఫ్టు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నారు.

సాయంత్రం సమావేశం పది నిమిషాల్లో ముగిసింది. టేబుల్ టెన్నిస్ అర్జీ ఎవరి చేతిలో ఉందో ఎవరికీ గుర్తు రాలేదు. నర్సరీని యథాతథంగా కొనసాగించాలని సెక్రటరీయే ప్రతిపాదించారు. కొత్త తాళాలు తెప్పించాలని, డబ్బు చెల్లించేముందు తాళంచెవులన్నిటినీ కింది అంతస్తుకు పంపి చూపించాలని కూడా తీర్మానంలో తన చేత్తోనే రాశారు. లేచేముందు టీచర్ దగ్గరకు వచ్చి, మెట్లకూ రంపానికీ తేడా ఎలా కనిపెడతారమ్మా అని అడిగారు. టీచర్ చీటీలు కట్టడానికి తెచ్చిన వాటిలోంచి రెండు తాళంచెవులు తీసి, వీపూ వీపూ ఆనించి, దీపం వైపు పట్టుకోవడం ఆయనకు నేర్పింది. రెండుసార్లు తప్పు చెప్పారు. మూడోసారి సరిగ్గా చెప్పి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

కొత్త తాళాలు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ మొసలి గుంపులోని తొమ్మిది ఇళ్లవాళ్లు ఒకరితో ఒకరు ఎన్నడూ లేనంత మర్యాదగా మాట్లాడుకున్నారు.